సిద్దెలో నూనె

"దర్జీకి మాత్రం పరలోకం కష్టమే," అన్నాడు భర్త, ఉడికిన గుడ్డు పెంకు ఒలుస్తూ.

ఆమె ఆయన ఆదివారం చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కఫ్‌ల దగ్గర మడత పడితే ఆయనకు ఆ రోజంతా ఆరాధన మీద మనసు నిలవదట. అందుకని రెండు కఫ్‌లనీ తిరగేసి మరగేసి, నీళ్లు చిలకరించి, పెట్టె నొక్కి పట్టి తీస్తోంది. పరలోకానికి ఎవరు వెళ్తారో ఎవరు వెళ్లరో ఆయన రోజూ గుడ్డు తింటూ తేల్చేస్తాడు. పద్నాలుగేళ్లుగా చర్చి సంఘంలో పెద్ద మరి. దర్జీ ప్రసంగం మధ్యలో బయటికి వెళ్లి సిగరెట్టు కాలుస్తాడు, కాబట్టి కష్టం. రొట్టెల దుకాణం ఆవిడ ఆదివారం కూడా కొట్టు తెరుస్తుంది, కాబట్టి ఆవిడకు మరీ కష్టం. దేవుడు తన కొడుకు పెళ్లికి శుభలేఖలు పంచే పని ఈయన చేతిలో పెట్టాడేమో అనిపిస్తుంది వింటుంటే.

పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆమె నవ్వుతూ అడిగింది: "మరి నేనండీ?"

"నువ్వు నా వెనకాలే వస్తావులే," అన్నాడు ఆయన. ప్రేమగానే అన్నాడు.

అత్తగారిది ఇంకో మాట. "అణిగి ఉన్న ఆడదానికి దేవదూతలే ఎదురొచ్చి తలుపు తీస్తారమ్మాయ్." ఇరవై రెండేళ్లుగా ఈ రెండు మాటలూ ఆమెతోనే ఉన్నాయి. అణిగి ఉండటం ఆమెకు బాగానే వచ్చింది. ఎంత బాగా వచ్చిందంటే, అసలు పేరు పోయి 'సరేనక్క' అనే పేరు స్థిరపడిపోయింది. ఇంట్లో వాళ్లు, సంఘంలో వాళ్లు, ఆమె పనిచేసే ఆసుపత్రిలో వాళ్లు, అందరూ అదే పిలుపు. ఎవరేమడిగినా "సరేనండీ", "సరేనమ్మా" అనేది కదా, అందుకని. ఆడపడుచు ప్రతి శనివారం ఇద్దరు పిల్లల్నీ తెచ్చి వదిలి బజారుకు పోతుంది, సరే. సంఘంలో ప్రభురాత్రి భోజనానికి ద్రాక్షరసం పోసే చిన్న గ్లాసులు నూట అరవై కడిగి తుడిచి సర్దాలి, సరే. ఆసుపత్రిలో తోటి పిల్ల నాలుగింటికే సంచీ తగిలించుకుని "అక్కా, మిగతా కట్టలు కాస్త చూసుకోవా" అంటుంది, సరే.

ఆసుపత్రిలో ఆమె పని దుప్పట్ల గదిలో. ఉతికి ఆరేసి వచ్చిన దుప్పట్లను వార్డుల వారీగా మడతపెట్టి అరల్లో పేర్చాలి, చిరిగినవి వేరు చేయాలి. కిటికీ లేని గది. వేడి గుడ్డల వాసన. ఆ గదంటే ఆమెకు చెప్పలేని ఇష్టం. ఒక్కో దుప్పటి మడతపెడుతూ ఒక్కో మాట అనుకుంటుంది. 'ప్రభువా, ఇది కప్పుకునేవాడు లేచి నడవాలి.' 'ఇది కప్పుకునే తల్లికి బిడ్డ క్షేమంగా పుట్టాలి.' ఇవి ప్రార్థనలని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ప్రార్థనంటే ఇంట్లో మంచం పక్కన మోకాళ్లూని చేసేది. అక్కడేమో రెండో వాక్యానికే నిద్ర ముంచుకొస్తుంది. అలా మంచం మీద తల వాల్చి నిద్రపోయే మనిషిని పరలోకంలోకి ఎవరు రానిస్తారన్నది ఆమెకున్న అసలు భయం. నిజమైన భయం. ఆమెకు ప్రభువంటే ప్రాణం. ఆయన ముఖం ఒక్కసారి దగ్గరగా చూడాలనే ఆశ చిన్నప్పటినుంచీ ఉంది.

మూడు నెలల క్రితం టీచరమ్మ వచ్చి ఆ ఆశను కుదిపింది. టీచరమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. సంఘంలో ఆడవాళ్ల శనివారం బైబిలు వాక్యం తరగతి నలభై ఏళ్లుగా ఆవిడే నడుపుతోంది. చూపు తగ్గుతూ వచ్చింది, కాళ్ల నొప్పితో ఆసుపత్రిలో వారం రోజులు పడుకుంది. అప్పుడు సరేనక్క దుప్పటి మారుస్తూ, గది తుడిచే ఆవిడకు తప్పిపోయిన గొర్రె కథ చెప్పడం విన్నది.

"నీకు చెప్పడం వచ్చునే పిల్లా," అంది టీచరమ్మ. "తరగతి నువ్వు తీసుకో. శనివారం నాలుగు నుంచి ఆరు వరకు. వాక్యం నాలుగు రోజులు ముందుగా చదువుకోవాలి, ఆలోచించుకోవాలి, అంతే."

ఆ రోజు ఆమె బస్సు దిగి ఇంటికి నడిచొస్తుంటే కాళ్లు నేలమీద ఆనలేదు. భర్తకు చెప్పింది. ఆయన గౌరవంగా విన్నాడు, ఆలోచించాడు కూడా.

"శనివారం నువ్వు లేకపోతే ఇల్లెలా గడుస్తుంది చెప్పు? అమ్మ స్నానం, చెల్లెలి పిల్లలు, నా బట్టలు. పైగా వాక్యం చెప్పడమంటే మాటలా? ఆ తరగతేదో నేనే చెప్తాలే. నువ్వు టీ ఏర్పాట్లు చూసుకుందువుగాని."

"సరేనండీ," అంది ఆమె. మర్నాడు దుప్పట్ల గదిలో ఆమె మడతలన్నీ వంకర పోయాయి.

టీచరమ్మ మాత్రం వదల్లేదు. రెండు నెలలు ఆగి మళ్లీ అడిగింది. "నెలాఖరు శనివారం దాకా చూస్తాను. నువ్వు రాకపోతే మీ ఆయనకే ఇచ్చేయాలి. ఆయన్ని కాదనే ఓపిక నాకు లేదమ్మా. ఈ వయసులో ఆయన ప్రసంగాలు వినే ఓపిక కూడా లేదనుకో."

ఆ నెలలోనే సంఘం వార్షికోత్సవం వచ్చింది. పదిమంది కన్యకల ఉపమానం నాటకంగా వేద్దామన్నాడు భర్త. అందరికీ తెలిసిన కథే. పెండ్లికుమారుడికి ఎదురు వెళ్లడానికి పదిమంది దీపాలు పట్టుకుని బయలుదేరతారు. ఐదుగురు బుద్ధిగలవాళ్లు సిద్దెల్లో, అంటే చిన్న బుడ్లలో, విడిగా నూనె తెచ్చుకుంటారు. ఐదుగురు తెచ్చుకోరు. ఆలస్యమై అందరూ నిద్రపోతారు. పెండ్లికుమారుడు వస్తున్నాడని కేక వినబడగానే బుద్ధిలేనివాళ్లు నూనె అడుగుతారు, బుద్ధిగలవాళ్లు చాలదంటారు, కొనుక్కోవడానికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి తలుపు మూసేసి ఉంటుంది.

పెండ్లికుమారుడి వేషం ఎవరికివ్వాలా అని భర్త మూడు రోజులు ప్రార్థన చేశాడు. చివరికి తనకే ఇచ్చుకున్నాడు. బుద్ధిగల కన్యకల్లో మొదటిది సరేనక్క, బుద్ధిలేనివారిలో మొదటిది ఆడపడుచు. ఆసుపత్రిలో పనికిరావని తీసేసిన దుప్పట్లు అడిగి తెచ్చి పది తెల్లని అంగీలు కుట్టిందెవరు? అట్టపెట్టె కోసి నీలం రంగు తలుపు చేసిందెవరు? నిప్పు వద్దని పాస్టరుగారు అంటే, పది దీపాల్లో టార్చి బల్బులు బిగించి, బుద్ధిగలవాళ్ల సిద్దెల్లో నూనెకు బదులు పాలు లేని టీ పోసి, బుద్ధిలేనివాళ్లకు ఖాళీ బుడ్లు ఇచ్చిందెవరు? వేరే చెప్పక్కర్లేదు. మంగళవారం మొదలుపెట్టి ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి పదో అంగీ అంచు కుట్టి దారం తెంచింది.

నాటకంలో ఆమెకు ఒకే ఒక్క మాట. "లేదు, ఇది మాకూ మీకూ చాలదు." ఆ మాటను దుప్పట్ల గదిలో నిలబడి అరలకు చెప్పి చెప్పి వల్లించింది. 'లేదు' అన్న మాట నోట్లో కొత్త పన్నులా తగిలేది, నాలుక మాటిమాటికీ దానిమీదకే పోయేది.

ఆదివారం హాలు నిండిపోయింది. నాటకం బాగానే మొదలైంది. పదిమందీ దీపాలు పట్టుకుని వచ్చారు, ఎదురు చూశారు, ఆవులించారు, వేదిక మీద వరసగా పడుకున్నారు. తొమ్మిది మంది నిద్ర నటించారు. సరేనక్క నిజంగా నిద్రపోయింది. వారం రోజుల్లో ఆమెకు ఎవరైనా 'పడుకో' అని చెప్పింది అప్పుడొక్కసారే, ఏం చేస్తుంది పాపం?

"ఇదిగో పెండ్లికుమారుడు!" అని కేక వినబడింది. అందరూ లేచారు. ఆమె మాత్రం లేవలేదు. ఆడపడుచు వచ్చి నూనె అడగాలి. "అమ్మలారా, మా దీపములు ఆరిపోవుచున్నవి" అని మొదలయ్యే మాటను ఆడపడుచు వారాల తరబడి బట్టీ పట్టింది. అంతమందిని చూసేసరికి అది కాస్తా గాలికి పోయింది. కంగారులో వంగి, భుజం తట్టి, రోజూ ఇంట్లో అడిగే గొంతుతోనే అడిగేసింది.

"వదినా, వదినా, కొంచెం నూనె ఉంటే ఇలా పొయ్యవా?"

సరేనక్క ఉలిక్కిపడి లేచింది. కళ్లు సగమే తెరుచుకున్నాయి, చేతులు మాత్రం పూర్తిగా మేలుకున్నాయి.

"సరేనమ్మా," అంటూ సిద్దె వంచి పోసేసింది.

హాలు పగలబడి నవ్వింది. మిగతా నలుగురు బుద్ధిలేని కన్యకలు ఏమన్నా తక్కువ తిన్నారా, దొరికిందే సందని తమ బుడ్లు కూడా చాపారు. ఆమె నలుగురికీ పోసింది. పోస్తూ పోస్తూ ఉండగా మెలకువ వచ్చింది కానీ, చాపిన బుడ్డి ముందు చెయ్యి వెనక్కి తీసుకోవడం ఆమెకు తెలియదు. చివరి బుడ్డికి చుక్క చుక్కగా దులిపి మరీ పోసింది.

ఇప్పుడు నూనె కొనడానికి వెళ్లాల్సినవాళ్లు ఎవరూ లేరు. తొమ్మిది మందీ వెలిగే దీపాలతో తలుపులోకి దూరిపోయారు. ఆమె కింద పడ్డ మూతలు ఏరుతూ వెనకబడింది. తలుపు వెనక ఉన్న భర్తకు పెద్ద చిక్కు వచ్చిపడింది. ఎవరో ఒకరు బయట మిగలకపోతే ఆయన చివరి మాట చెప్పేదెలా? వారాల తరబడి అద్దం ముందు నిలబడి నేర్చుకున్న మాట అది. అట్ట తలుపు ధడాలున మూశాడు.

ఆమె మూతలు పట్టుకుని వచ్చి చూసింది. తలుపు మూసి ఉంది. ఇంటి తలుపు తట్టినట్టే తట్టింది.

"ఏవండీ, నేనండీ."

లోపలినుంచి ఆయన గొంతు హాలంతా మోగింది: "నీవెవరో నేనెరుగను!"

అట్ట సందులోంచి ఆయన చెయ్యి కనిపిస్తోంది, తలుపు పడిపోకుండా పట్టుకుని. ఆ చేతికి ఆమె పొద్దున ఇస్త్రీ చేసిన కఫ్. ఒక్క మడత లేదు. ఆమె ఆ కఫ్ వంక చూసింది, చేతిలోని ఖాళీ సిద్దె వంక చూసింది. అందరికీ పోసి, మూతలేరి, ఆఖరికి బయట నిలబడ్డది తనే. ఇరవై రెండేళ్ల కాపురం తర్వాత ఎవరో ఎరగనంటున్నాడు. 'నిజమే కదా' అనుకుంది. అనుకోగానే నవ్వొచ్చింది. చిన్నగా మొదలై, ఆపుకోలేక, పొట్ట పట్టుకుని వేదిక మీద కూర్చుండిపోయింది. మొదటి వరసలో అత్తగారు కట్టుడు పళ్లు ఊడిపోయేలా నవ్వుతోంది. హాలులో చివర దర్జీ బెంచీ ఎక్కి చప్పట్లు కొడుతున్నాడు.

పాస్టరుగారు కళ్లు తుడుచుకుంటూ వేదిక ఎక్కారు. "మన సోదరి తనకున్నదంతా ఇచ్చేసింది. ఇదే క్రైస్తవ ప్రేమ! వచ్చే ఆదివారం పక్క సంఘంలో మళ్లీ వేద్దాం, ఇలాగే వేద్దాం," అన్నారు. మొహం మాడ్చుకుని తలుపు వెనకనుంచి వచ్చిన భర్త, చప్పట్లు విని, "అవునండీ, ఆ మార్పు నేనే అనుకున్నాను," అన్నాడు.

మధ్యాహ్నం ఆమె పది అంగీలూ ఉతికింది. టీ మరకలు ఒక పట్టాన వదలవు. నానబెట్టి, గట్టుమీద కూర్చుని, బైబిల్లో ఆ ఉపమానం తెరిచి మెల్లగా చదివింది. రెండుసార్లు చదివింది. ఒకచోట వేలు ఆగిపోయింది. నూనె పోసినవాళ్లెవరూ ఆ కథలో లేరు. లేదన్నవాళ్లనే ప్రభువు బుద్ధిగలవాళ్లన్నాడు. వాళ్లకే తలుపు తెరిచాడు.

సాయంత్రం అత్తగారి మోకాళ్లకు మందు రాస్తుంటే ఆవిడ నవ్వు ఇంకా పూర్తిగా ఆగలేదు. ఆగాక, గోడవైపు చూస్తూ అంది: "నేనూ యాభై ఏళ్లు పోశానే అమ్మాయ్. ఇలా అంతమంది ఎదురుగా కాదుగాని."

ఆమె చేతులు క్షణం ఆగాయి. ఇంకాస్త మందు తీసుకుని రాసింది.

మర్నాడు పని అయ్యాక టీచరమ్మ ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడే అడిగేసింది. "అందరినీ ప్రేమించమన్న ప్రభువు, నూనె ఇవ్వనన్నవాళ్లను ఎందుకు మెచ్చుకున్నాడమ్మా?"

టీచరమ్మ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. "నలభై ఏళ్లు చెప్పాను. ఈ ప్రశ్న ఒక్క ఆడదైనా అడుగుతుందేమోనని చూశాను. ఆ కథ తర్వాత పేజీ తిప్పావా?"

"తిప్పానమ్మా. ఆకలిగొన్నవాళ్లకు పెట్టమన్నాడు, దప్పిగొన్నవాళ్లకు నీళ్లివ్వమన్నాడు, బట్టలివ్వమన్నాడు."

"అవన్నీ ఇవ్వగలిగినవి. సగం రొట్టె ఇస్తే నీకు సగం మిగులుతుంది. నూనె అట్లా కాదు. అది నీకూ ఆయనకూ మధ్య వెలిగేది. అది పోసేస్తే వాళ్ల దీపమూ ఎంతోసేపు వెలగదు, నీదీ ఆరిపోతుంది. రోజూ చీకట్లో పని చేస్తూ దాన్నే భక్తి అనుకుంటాం. ఇంతకీ నీ నూనె ఎక్కడుందో నీకు తెలుసా?"

ఆమె ఆలోచించింది. దుప్పట్ల గది గుర్తొచ్చింది. 'ఇది కప్పుకునేవాడు లేచి నడవాలి.' తప్పిపోయిన గొర్రె కథ వింటూ చీపురు పక్కన పెట్టి కూర్చున్న మనిషి ముఖం గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ తను మోకాళ్ల మీద నిద్రపోతున్నానని భయపడింది. మేలుకుని ఉన్న గంటలన్నీ ఆయనతోనే మాట్లాడుతున్నానని తెలియనే లేదు. ఏడుపు రాబోయి నవ్వయింది.

"తెలుసమ్మా," అంది.

బుధవారం నాలుగింటికి తోటి పిల్ల ఎప్పటిలాగే సంచీ తగిలించుకుంది. "అక్కా, రెండు కట్టలున్నాయి, కాస్త చూసుకోవా?"

"లేదమ్మా," అంది సరేనక్క. "నేను చదువుకోవాలి."

ఆ పిల్ల ఒక్క క్షణం చూసింది. "సరే అక్కా," అని సంచీ దించి మడతలు మొదలుపెట్టింది. అంతే. కప్పు కూలలేదు, పిడుగు పడలేదు. ఇంత తేలికా అని ఆమె బస్సులో ఇంటిదాకా తనలో తను నవ్వుకుంటూనే ఉంది. ఎదురు సీటులో కూర్చున్న పెద్దాయన ఎందుకో తెలియకపోయినా తనూ నవ్వాడు.

శనివారం వచ్చింది. అదే నెలాఖరు శనివారం. మూడున్నరకు నాటకం సాధన కోసం తొమ్మిది మంది కన్యకలూ వాళ్ల ముందుగదిలోకి చేరారు. ఆడపడుచు పిల్లలిద్దరూ సోఫా మీంచి దూకుతున్నారు. భర్త నీలం తలుపు గోడకు ఆనించి, చేతులు చరిచాడు.

"నిద్రలేచే దగ్గర్నుంచి మొదలుపెడదాం. తొందరగా కానిచ్చేస్తే టీ తాగొచ్చు. చెల్లీ, నువ్వడుగు. ఏమోయ్, నువ్వు పొయ్యి. గుర్తుందిగా, చివరి చుక్క దాకా."

ఆడపడుచు ఈసారి మాట మరవలేదు. అయినా పాస్టరుగారికి నచ్చిందని ఆదివారం నోరు జారిన మాటే అడిగింది. "వదినా, కొంచెం నూనె ఉంటే ఇలా పొయ్యవా?"

ఆమె సిద్దెను రెండు చేతులతో దగ్గరికి తీసుకుంది. "లేదమ్మా. ఇది నాకూ నీకూ చాలదు."

"అది కాదోయ్," అన్నాడు భర్త. "మార్చాం కదా. ఇప్పుడు నువ్వు పొయ్యాలి."

"ప్రభువు చెప్పిన కథలో అలా లేదండీ." ఆమె గొంతులో కోపం లేదు. పుట్టినరోజు నాటి పిల్లలా మొహం వెలిగిపోతోంది. సిద్దెను బల్లమీద పెట్టి, అంగీ విప్పి మడతపెట్టింది. నాలుగు మడతలు, ఆసుపత్రి మడత. అరలోంచి తన పుస్తకాల సంచీ తీసుకుంది. "నాలుగింటికి టీచరమ్మ తరగతి నేను తీసుకుంటున్నాను. ఇవాళ్టి నుంచి ప్రతి శనివారం. పాలు గిన్నెలో ఉన్నాయి, టీపొడి కిటికీ పక్క డబ్బాలో ఉంది. రొట్టెలు తెచ్చి పెట్టాను, అందరూ పంచుకోండి. రొట్టెకేం, ఎంతమందైనా తినొచ్చు."

పిల్లలు సోఫా మీంచి దూకడం మానేశారు.

"మరి నా పిల్లలు వదినా?" అంది ఆడపడుచు, కాస్త గాభరాగా.

"చక్కటి పిల్లలమ్మా. నీ దగ్గరే ఉంటారు."

మూలనున్న కుర్చీలోంచి కర్ర టకటకమంది. "అమ్మాయ్, ఆగవే. నా చెప్పులెక్కడున్నాయో చూడు," అంది అత్తగారు. "నా బుడ్డిలో అడుగునైనా ఏమైనా మిగిలిందేమో, నేనూ వచ్చి చూసుకుంటాను."

ఆమె చెప్పులు తెచ్చి, వంగి, ఆవిడ పాదాలకు తొడిగింది. చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరూ నవ్వుకుంటూ గుమ్మం దాకా వచ్చారు. భర్త అక్కడే నీలం తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఏ తలుపుకు అడ్డం పడాలో తెలియనట్టు.

"ఏమైంది నీకు? ఎవరో కొత్త మనిషిని చూసినట్టుంది నాకు," అన్నాడు.

ఆమె ఆగింది. ఆయన కఫ్ మీద మడత పడి ఉంది. చూసింది, సరిచేయలేదు.

"మొన్న తలుపు దగ్గర మీరు చెప్పింది నిజమేనండీ, నేనెవరో మీరెరగరు. ఆరింటికి వస్తాను, అప్పుడు పరిచయం చేసుకుందాం."